మృత్తికా విద్య : నాగలిచాలు నుండి విశ్వవిద్యాలయము వరకు

భూమి మీద పుట్టి, భూమి పండించిన దానిని తిని, తుదకు భూమిలోనే కలిసిపోవు మానవుడు ఆకాశమందలి గ్రహములను గూర్చి తెలిసికొన్నంత త్వరగా తన పాదముల క్రింది మట్టిని గూర్చి తెలిసికొనలేదు. గ్రహణములను గణించు సిద్ధాంత గ్రంథములు మన దేశమున వెలసి పదునైదు శతాబ్దములు దాటినవి. మట్టి మాత్రము ఒక ప్రత్యేక శాస్త్రముగా ఉన్నత విద్యాలయమున పీఠము నలంకరించి నూటముప్పది యేండ్లకు మించి యెంతో కాలము కాలేదు. ఆ విద్య యెట్లు పుట్టినది, తెలుగు నేల కెట్లు చేరినది, గ్రామమునకు దానితో నేమి పని యను విషయములు వ్యవసాయమే జీవనాధారముగా గల పాఠకులకు తెలియదగినవి.

ప్రాచీనులు మట్టిని నిర్లక్ష్యము చేసిరని యనుటకు వీలులేదు. అథర్వవేదము పండ్రెండవ కాండమునందలి భూమిసూక్తము నేలను తల్లిగా స్తుతించినది. అమరసింహుడు తన కోశమునందలి భూమివర్గమున సర్వసస్యములు పండు నేలను ఉర్వర యనియు, చవిటి నేలను ఊషరమనియు, మేలైన మన్నును మృత్స, మృత్స్న యనియు పేర్కొనెను. ఒక వస్తువునకు ఇన్ని పేర్లున్నవనగా దానిని ఇన్ని విధములుగా పరికించి చూచిన కన్నులున్నవని యర్థము. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజుగారి సేద్యమును చూచు సీతాధ్యక్షుడు కృషిశాస్త్రమును తానెరిగినవాడైనను కావలెను, ఎరిగినవారి తోడ్పాటు గలవాడైనను కావలెనని విధింపబడినది. కృషిపరాశరమను గ్రంథమైతే పెంటకుప్పను మాఘమాసమున త్రవ్వి, ఎండబెట్టి, పొడిచేసి, ఫాల్గుణమున చేనిలో గుంటలు తీసి నింపి, విత్తునాటికి చల్లవలెనని విస్పష్టముగ చెప్పుచున్నది. ఎరువు లేని పైరు పెరిగినను ఫలింపదని ఆ గ్రంథకర్త యభిప్రాయము.

గ్రంథములెరుగని రైతు సైతము ఈ విద్యయందు తక్కువవాడు కాడు. నల్లరేగడి, ఎర్రచెల్క, గరప, దుబ్బ, ఒండ్రు, చౌడు, పాటిమన్ను అను పేర్లు ఏ పండితుడును కల్పించినవి కావు; నాగలి మేడి పట్టిన చేయి పెట్టిన పేర్లు. ఏ మట్టికి ఎంత తడి కావలెనో, ఎన్నినాళ్లకు వాపు వచ్చునో, ఏ నేలలో జొన్న, ఏ నేలలో వేరుసెనగ నిలుచునో ఆ పేరులోనే ఇమిడియున్నది. ఇందొక విశేషము కలదు. ఆంగ్ల శాస్త్రగ్రంథములలో దక్కను నల్లభూములకు చిరకాలము ‘రేగర్’ అను పేరు వాడుకలో నుండెను. అది తెలుగు ‘రేగడి’ మాటయే. మట్టిని గూర్చిన ప్రపంచ విద్యకు తెలుగు రైతు అప్పుగా నిచ్చిన మాట అది.

ప్రభుత్వమును మట్టిని చూచినది. కాని శిస్తు కన్నుతో చూచినది. మద్రాసు రాజధానిలో 19వ శతాబ్ది ఉత్తరార్ధమున జరిగిన శెటిల్‌మెంటులలో నేలలను రేగడి, ఎర్ర, ఇసుక మున్నగు తరగతులుగను, వానిలో మరల బంకమన్ను, మిశ్రము, ఇసుకపాలు అను భేదములుగను విభజించి, మేలు కీళ్లను నిర్ణయించి, తరము కట్టి, డైగ్లాటులో వ్రాసిరి. ఆ వర్గీకరణ యెంతయో శ్రద్ధతో చేసినదే. కాని అందొక లోపము కలదు. ఒకసారి వ్రాసిన తరము పుస్తకమున అట్లే నిలిచియుండును. మట్టి అట్లు నిలిచియుండదు. వాన కోతకు పైమన్ను కొట్టుకొనిపోయినను, కాలువ ఊటకు చౌడు తేలినను, పెంట తోలుట మానినందున సారము తగ్గినను పుస్తకమునందలి అంకె మారదు. మట్టి మారుచుండు వస్తువని గ్రహించుటయే నవీన మృత్తికా శాస్త్రమునకు ప్రాణము.

ఐరోపాలో ఈ శాస్త్రమునకు మొదట ద్వారము తెరచినది రసాయనము. జర్మనీ దేశమున గీసెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడగు లీబిగ్ 1840లో ప్రకటించిన గ్రంథమున మొక్కలు మట్టినుండి ఖనిజ లవణములను గ్రహించునని వాదించెను. ఏ పోషకము అన్నిటికంటె కొరతగా నున్నదో దానిని బట్టియే పంట పరిమితమగునను సూత్రము ఆయన పేర ప్రసిద్ధి కెక్కినది; దానిని స్ప్రెంగెల్ అను జర్మను పండితుడు అంతకు పూర్వమే చెప్పియుండెను. కొన్ని పలకలు కురచగానున్న గాబులో నీరు అన్నిటికంటె కురచ పలక వరకే నిలుచునట్లని దీనిని బోధింతురు. అయినను లీబిగ్ పొరబడిన చోటును కలదు. నత్రజని గాలినుండియే పైరునకు చాలినంత లభించునని ఆయన తలంచెను. 1843లో ఇంగ్లండునందలి రోథమ్‌స్టెడ్ అను చోట లాస్, గిల్బర్ట్ అను నిరువురు ఒకే చేనిలో ఏటేట గోధుమ వేసి, ఒక మడికి పెంట, ఒక మడికి రసాయనము, ఒక మడికి ఏమియు లేకుండ పరీక్షించి గోధుమకు నత్రజని ఇచ్చితీరవలెనని నిరూపించిరి. ఆ చేను నేటికిని అట్లే సాగులో నున్నది. మట్టిని గూర్చిన సత్యము ఒక పంటతో తేలదనియు, తరముల తరబడి వేచి చూడవలెననియు ఆ చేను లోకమునకు నేర్పిన గొప్ప పాఠము.

1850లో థామస్ వే యను రసాయనవేత్త మరియొక రహస్యమును కనుగొనెను. ఎరువు కలిపిన నీటిని మట్టిగుండ వడకట్టగా అందలి అమోనియాను మట్టి పట్టి నిలుపుకొని, దానికి బదులుగా సున్నమును విడిచిపెట్టెను. బంకమన్ను అణువులును, కుళ్లిన ఆకు అలముల సారమును పోషకములను పట్టియుంచి, వేరు అడిగినప్పుడు అందించునని తరువాత తెలియవచ్చెను. మట్టి గాదెవంటిది, గాదె చిన్నదైనచో ఎన్ని బస్తాలు పోసినను పొర్లిపోవును. ఇసుక నేలకు ఎరువును ఒక్కసారిగా గాక కొద్దికొద్దిగా వేయవలెనను మాటకు మూలమిదియే.

ఇంతవరకును మట్టి యనగా రసాయనములుంచిన పాత్రయని మాత్రమే పండితులు భావించిరి. మట్టికి స్వంతమైన పుట్టుక, పెరుగుదల, వయస్సు కలవని చెప్పిన మహనీయుడు రష్యా దేశీయుడగు వాసిలీ దొకుచాయెవ్. ఆయన 1846లో ఒక పల్లెటూరి పూజారి కుమారుడుగా జనించెను. రష్యా దక్షిణ మైదానములలో 1870 తరువాతి సంవత్సరములలో అనావృష్టి కలుగగా, నల్లమట్టి భూములు ఏల విఫలమైనవో తెలిసికొనుటకు అచటి ఆర్థిక సంఘము వారు ఆయనను నియమించిరి. దొకుచాయెవ్ గదిలో కూర్చుండి సీసాలు కడుగలేదు. వేల మైళ్లు తిరిగి, ఊరూర గోతులు త్రవ్వించి, పైనుండి రాయి తగులువరకు గల పొరలను వ్రాసికొనెను. 1883లో వెలువడిన ‘రష్యా నల్లమట్టి’ యను గ్రంథము ఆ శ్రమఫలము. తల్లిరాయి, శీతోష్ణస్థితి, మొక్కలు ప్రాణులు, భూమి ఎత్తుపల్లములు, కాలము అను ఐదింటి కలయికచే మట్టి పుట్టుచున్నదనియు, అది చచ్చిన రాతిపొడి కాదనియు ఆయన స్థాపించెను.

ఆ ఉపదేశము పుస్తకములకే పరిమితము కాలేదు. 1891లో రష్యాను ఘోర క్షామము పీడించెను. మరుసటి యేడు దొకుచాయెవ్ గడ్డిమైదానముల పూర్వోత్తర స్థితులను గూర్చి గ్రంథము వ్రాసి, అడవులు నరికి, గడ్డినేలలను దున్ని, వాగులు కోసికొనిపోవుటకు విడిచిన ఫలమే ఆ కరవు తీవ్రతయని హెచ్చరించెను. చెట్ల వరుసలు పెంచి, చెరువులు కట్టి, గండ్లు పూడ్చి పరీక్షించుటకై కామెన్నయా మైదానమున ఒక క్షేత్రమును నెలకొల్పెను. మృత్తికా శాస్త్రమునకు విశ్వవిద్యాలయములలో వేరు పీఠములుండవలెనని ఆయన పోరాడెను. 1894లో నేటి పోలండునందలి పులావీ పట్టణమున, నాటి నోవో అలెగ్జాండ్రియా వ్యవసాయ విద్యాలయమున, ఆయన శిష్యుడు సిబిర్త్సెవ్ ఆధిపత్యమున అట్టి మొదటి పీఠము వెలసెను. గురుశిష్యులిరువురును దీర్ఘాయుష్మంతులు కారు. సిబిర్త్సెవ్ 1900లోను, దొకుచాయెవ్ 1903లోను గతించిరి. విద్య మాత్రము నిలిచినది.

ఇచట ఒక భ్రమ తొలగింపదగియున్నది. రష్యా నల్లమట్టియు, మన నల్లరేగడియు రంగున సమానములే గాని గుణమున కావు. అచటి నలుపు వేలయేండ్లు పెరిగి కుళ్లిన గడ్డివేళ్ల సారము. మన రేగడి నలుపు అంతటి సేంద్రియ సంపదకు గుర్తు కాదు. దాని బలము తడిసి ఉబ్బి, ఎండి నెర్రెలు విచ్చు బంకమన్నులో నున్నది. కావున రంగు చూచి ధీమాపడి పెంట తోలకుండుట పొరపాటు.

భారతదేశమున 1889 చివరను ఇంగ్లండునుండి ఓల్కర్ అను రసాయన పండితుడు వచ్చి, దేశమంతయు తిరిగి, 1893లో తన నివేదికను ప్రకటించెను. భారతీయ కర్షకుడు వెనుకబడినవాడను మాటను ఆయన ఖండించి, సాధారణపు ఆంగ్ల రైతునకు ఇతడు తీసిపోడనియు, కొన్నియెడల మిన్నయనియు వ్రాసెను. ఆయనకు కలిగిన బాధ వేరు. వంటచెరకు లేక పేడను పిడకలు చేసి కాల్చుటచే పొలమునకు చెందవలసిన సారము పొయ్యిపాలగుచున్నదని గ్రహించి, ఊరూర వంటచెరకు తోపులు పెంచవలెనని సలహా నిచ్చెను. 1892లో ప్రభుత్వ వ్యవసాయ రసాయనవేత్తగా వచ్చిన లెదర్ ఈ దేశపు నేలలను ఒండ్రు, నల్ల, ఎర్ర, లాటరైటు అను నాలుగు ప్రధాన జాతులుగ నిరూపించెను. 1905లో బీహారులోని పూసాయందు పరిశోధనాలయము వెలసెను. 1934 జనవరి 15వ తేదీ భూకంపమున ఆ భవనము పాడుకాగా, 1936లో సంస్థను ఢిల్లీకి మార్చిరి. ఆ 1934లోనే భారత మృత్తికా శాస్త్ర సంఘమును ఏర్పడెను.

పూసాకు 1905లో వచ్చినవారిలో ఆల్బర్ట్ హోవర్డు ఒకడు. ఇంగ్లండున రైతుబిడ్డ. పైరులకు తెగుళ్లేల వచ్చుచున్నవో వెదకుచు, చుట్టుపట్ల రైతుల చేలలో మందులు లేకయే పైరులు ఆరోగ్యముగ నుండుట గాంచి, ఆ రైతులనే తన గురువులుగా నెంచెను. ఉపదేశింప వచ్చినవాడు శిష్యుడగుట సామాన్యమైన విషయము కాదు. 1924 నుండి 1931 వరకు ఇందూరునందు పనిచేసి, యశ్వంత్ వాడ్ అను సహచరునితో గూడి ఆకు అలములు, పేడ, పశువుల మూత్రము నానిన మట్టి, బూడిద పొరలు పొరలుగ వేసి, తగుతడి నుంచి, నడుమ నడుమ తిరుగవేసి, సుమారు మూడు నెలలలో మంచి ఎరువు చేయు పద్ధతిని రూపొందించెను. 1940లో ఆయన ప్రకటించిన గ్రంథము దేశదేశముల సేంద్రియ వ్యవసాయమునకు మూలగ్రంథమైనది. కృషిపరాశరుని పెంటకుప్ప ఈ విధముగ సముద్రములు దాటినది.

మట్టిని నిర్లక్ష్యము చేసిన జాతికి కలుగు ఫలము అమెరికాలో కనబడెను. గడ్డిమైదానములను యంత్రములతో దున్ని గోధుమ వేసిరి. 1930 తరువాత వానలు లేక పైమన్ను గాలి కెగిరిపోయెను. 1935 ఏప్రిల్ 14వ తేదీ ఆదివారమున పట్టపగలే చీకట్లు క్రమ్మెను. మట్టి రక్షణకై పాటుపడుచుండిన బెనెట్ అను నాయకుని మాట అప్పుడు ప్రభుత్వమున కెక్కినది. అదే నెల 27వ తేదీన భూసంరక్షణ శాసనము అమలులోనికి వచ్చెను.

తెలుగు విద్యార్థులకు ఈ విద్య చిరకాలము దూరమున నుండెను. మద్రాసు రాజధానిలో వ్యవసాయ పట్టము కోరువారు కోయంబత్తూరు పోవలసివచ్చెడిది. అచట 1909లో ఆరంభించిన శాశ్వత ఎరువుల క్షేత్రము రోథమ్‌స్టెడ్ క్షేత్రమునకు మన దక్షిణాదిని తమ్ముడు వంటిది. 1945లో బాపట్లయందు వ్యవసాయ కళాశాల స్థాపింపబడుటతో ఆంధ్ర జిల్లాల రైతుబిడ్డలకు తమ నేలపైననే తమ నేలను చదువు భాగ్యము కలిగెను. మరుసటి యేడు హైదరాబాదు సంస్థానమునను కళాశాల ఏర్పడెను. 1961లో తిరుపతి కళాశాల వచ్చెను. 1964లో రాజేంద్రనగరమున ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము అవతరించి బోధన, పరిశోధన, విస్తరణ అను మూడు ధర్మములను ఒక కప్పు క్రిందికి తెచ్చెను. 1996లో దానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టిరి. 2014లో రాష్ట్ర విభజనానంతరము తెలంగాణమున ఆచార్య జయశంకర్ పేర వేరు విశ్వవిద్యాలయము వెలసినది.

మట్టి చదువు అన్నమునకే గాక ఆయుర్దాయమునకును తోడ్పడినదనుటకు ఒక దృష్టాంతము కలదు. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయమువారు 1888 నుండి ఒక పరీక్షా క్షేత్రమును కాపాడుచుండిరి. అందలి ఒక గడ్డిమడి మన్నును లెడర్లీ సంస్థకు పంపగా, ఆ మన్నునందలి సూక్ష్మజీవినుండి డగ్గర్ అను పండితుడు ఆరియోమైసిన్ అను దివ్యౌషధమును కనుగొనెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ సంస్థయందు పరిశోధనలకు అధ్యక్షుడుగ నుండినవాడు భీమవరమున జనించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అరువది యేండ్లు ఏమియు కదలింపక ఒక మడిని కాచినవారి ఓర్పు, ఎందరి ప్రాణములనో నిలిపినది. గుప్పెడు సారవంతమైన మన్నులో కోట్లకొలది జీవులు నివసించుచున్నవి.

స్వాతంత్ర్యానంతరము జనసంఖ్య పెరిగి, ధాన్యము చాలక, మేలురకపు విత్తనములును రసాయనపు ఎరువులును తప్పనిసరి యైనవి. వానివలన దేశము ఆకలిని జయించినదను సత్యమును మరువరాదు. కాని యూరియా చౌకగానుండుటచే దానినే కుమ్మరించి తక్కినవానిని విస్మరించుటయు, పశువులు తగ్గి పెంట కరవగుటయు, జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లు ఆచారము సన్నగిల్లుటయు నష్టమునకు దారితీసినవి. పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలలోని జీవులు గాలి నత్రజనిని పట్టి నేలకిచ్చునని 1886లో జర్మను పండితులు నిరూపించిరి. మన తాతలు ఆ నిరూపణ వినకయే జీలుగ దున్ని వరి నాటిరి. నిరూపణ విన్న మనుమలు జీలుగ మానిరి!

కాలువ సేద్యమును ఇట్టిదే. నీరు దేవుడిచ్చిన వరమే యైనను, మురుగు పోవు దారి లేనిచోట ఉప్పు పైకి తేలి చౌడు పుట్టును. 1969లో కర్నాలునందు చౌడు నేలల పరిశోధనకై కేంద్ర సంస్థ వెలసినది. క్షారపు చౌడునకు జిప్సము వేసి నీరు కట్టి మురుగు తీయవలెను. కేవలము ఉప్పు చౌడునకు మంచినీటితో కడిగి మురుగు తీసిన చాలును. రెంటికిని భేదము కంటికి తెలియదు, పరీక్షకే తెలియును. మెట్టనేలల విషయమున పటాన్‌చెరులో 1972లో నెలకొన్న అంతర్జాతీయ సంస్థవారు నల్లరేగడిలో వెడల్పు బోదెలు తీసి, మిగులు నీటిని మెల్లగా సాగనంపి, రెండు పంటలు తీసిరి. 1976 నుండి సాగిన ఆ పరీక్షలో హెక్టారునకు ఏటికి సగటున సుమారు ఐదు టన్నుల ధాన్యము పండగా, ప్రక్కనే పాతపద్ధతి చేను సుమారు ఒక టన్నుతో సరిపెట్టుకొనెను.

నేడు విశ్వవిద్యాలయమున ఈ విద్య నభ్యసించువారు మట్టి పుట్టుక, దాని భౌతిక రసాయన గుణములు, అందలి జీవజాలము, కోత నివారణ, కార్ఖానాల మురుగువలన చేరు విషలోహములు, పురుగుమందుల శేషములు, ఎరువుల నత్రజని ఊటబావులలోనికి దిగు విధము మున్నగువానిని చదువుచున్నారు. గాలిలోను చెట్లలోను కలిపి ఉన్నదానికంటె అధికమైన కర్బనము మట్టిలో దాగియున్నదని పండితుల లెక్క. కావున మట్టిని కాపాడుట ఒక రైతు స్వంత పనియే గాక లోకోపకారమైనది. ఒక అంగుళము మన్ను ఏర్పడుటకు శతాబ్దములు పట్టును. అది పోవుటకు ఒక జడివాన చాలును.

2015 ఫిబ్రవరి 19వ తేదీన భూసార పత్రముల పథకము ఆరంభమైనది. అందు పండ్రెండు గుణములు లెక్కింపబడును. అయితే పత్రము విలువ పంపిన మన్నును బట్టి యుండును. పంట కోసిన పిదప, గట్ల దగ్గరను, పెంటకుప్పలున్న చోటను, చెట్లనీడను విడిచి, చేనిలో వంకరటింకరగా నడచి ఎనిమిది పది చోట్ల పారతో ఆరంగుళముల లోతున గోతులు తీసి, గోతి ప్రక్కగోడనుండి పలుచగా మన్ను చెక్కి, అంతయు కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములు తీసివేయుచు, చివరకు అరకిలో మిగుల్చి, నీడన ఆరబెట్టి పంపవలెను. ఇంటి పెరటినుండి పిడికెడు మన్ను పంపి, ఆరెకరముల చేనికి సలహా కోరుట రోగి నొకనిని ఇంట నుంచి, వేరొకని నాడి చూపించుట వంటిది.

ఇన్ని యేండ్ల చరిత్ర తెలుపునదేమి? రైతు ఎరిగినది పండితుడు ఎరుగవలెను. పండితుడు కనుగొన్నది రైతు ముంగిటికి రావలెను. దొకుచాయెవ్ గోతిలో దిగెను. హోవర్డు రైతు పాదములకడ కూర్చుండెను. ఆ మార్గము తెగిపోయినచో విశ్వవిద్యాలయము భవనముగ మిగులును, గ్రామము తనకు తెలిసినదానిని కూడ మరచును. రెంటికిని నడుమ వంతెనగా నుండదగినది గ్రామ గ్రంథాలయము. ఇరువదియైదేండ్లుగ ఈ గ్రంథాలయము పురాణములను, ప్రబంధములను, పత్రికలను గ్రామస్థుల చేతికందించినది. ఇక ఒక అరలో వ్యవసాయ గ్రంథములును, వాని ప్రక్కన ప్రతి రైతు భూసార పత్రమునకు ఒక నకలును చేర్చుకొన్నచో, పాతికేండ్లకు స్వర్ణోత్సవమునాటికి గ్రామ భూముల చరిత్ర వ్రాయుటకు ఆధారము లేదను చింత యుండదు. డైగ్లాటు చెప్పలేని కథను ఆ అర చెప్పగలదు. పైరు ఒక కారు సంపద. మన్ను వంశపారంపర్యపు సంపద. తండ్రినుండి సంక్రమించిన పొలమును తగ్గని సారముతో బిడ్డకు అప్పగించువాడే నిజమైన గృహస్థు.